వారానికి ఒక్క పూట ఆర్ట్ క్లాసు: ఉద్యోగం చేసుకుంటూ స్టూడియోలో బొమ్మలు నేర్చుకోవడం ఎలా

నాతో పాటు మొదటి టర్మ్‌లో (అంటే పది వారాల కోర్సులో) చేరినవాళ్ళలో సగం మంది ఆరో వారానికే కనిపించకుండా పోయారు. తర్వాత ఎప్పుడైనా ఎదురుపడి అడిగితే అందరిదీ ఒకటే మాట, "మనకి చెయ్యి తిరగదండీ, చిన్నప్పుడే నేర్చుకోవాల్సింది." నేను ఐదేళ్ళుగా వారానికి ఒక్క పూట స్టూడియోకి వెళ్తున్నాను. నేను చూసినంతవరకు మానేయడానికి కారణం చెయ్యి కాదు, ఒక క్లాసుకీ ఇంకో క్లాసుకీ మధ్య ఉండే ఆ ఆరు రోజులు.

ఎలా జరుగుతుందో చెప్తాను. ఆదివారం పొద్దున మూడు గంటలు కష్టపడి ఒక బొమ్మని సగం వరకు తెస్తారు, ఇప్పుడిప్పుడే పట్టు దొరుకుతోంది అనుకునే సమయానికి క్లాసు అయిపోతుంది. ఇక వారమంతా ఆఫీసు, ఇల్లు, పిల్లల పరీక్షలు. మళ్ళీ వెళ్ళి ఈజిల్ (బొమ్మ నిలబెట్టే స్టాండు) ముందు నిలబడితే ఆ బొమ్మ ఎవరో వేరేవాళ్ళు వేసినట్టు ఉంటుంది. ఎక్కడ ఆపాం, ఆ నీలంలో ఏం కలిపాం, భుజం దగ్గర ఏదో తప్పుందని టీచర్ చెప్పారు కదా అది ఏమిటి, ఒక్కటీ గుర్తుండదు. అవన్నీ గుర్తు తెచ్చుకునేసరికి అరగంట పోతుంది, ఆ అరగంటలోనే "ఇది నా వల్ల కాదు" అన్న ఆలోచన వస్తుంది. అందుకే కింద చెప్పేదంతా ఆ గ్యాప్‌ని దాటడం గురించే. ఏ క్లాసులో చేరాలి, ఏం కొనాలి, ఇంటికొచ్చాక ఏం చేయాలి, అన్నీ దాన్ని బట్టే తేల్చుకోవచ్చు.

వయసు గురించి టెన్షన్ ఉంటే అది ఇక్కడే వదిలేయండి. వాన్ గోహ్ చిత్రకారుడు కావాలని నిర్ణయించుకున్నది 1880లో, అప్పటికి ఆయనకి 27 ఏళ్ళు. హెన్రీ రూసో పారిస్‌లో సుంకాలు వసూలు చేసే ఆఫీసులో ఉద్యోగం చేస్తూ ఖాళీ సమయంలో బొమ్మలు వేసేవాడు, 1886 నుంచి ప్రదర్శనల్లో పెట్టేవాడు, ఉద్యోగం వదిలింది 1893లో, 49 ఏళ్ళకి. రవీంద్రనాథ్ ఠాగూర్ గట్టిగా బొమ్మలు వేయడం మొదలుపెట్టిందే అరవై దాటాక, ఆయన చిత్రాల మొదటి ప్రదర్శన 1930లో పారిస్‌లో జరిగింది.

ముందు పూట ఖాయం చేసుకోండి, ఏం నేర్చుకోవాలన్నది ఆ తర్వాత

చాలామంది "ఆయిల్ పెయింటింగ్ నేర్చుకుంటాను" అని మొదలుపెట్టి, ఆ క్లాసు ఏ రోజు ఉంటే ఆ రోజుకి తమ వారాన్ని సర్దుకోవాలని చూస్తారు, రెండు నెలల్లో అది ఆగిపోతుంది. మీరు తిరగేసి చేయండి. గత నెల రోజుల క్యాలెండర్ ముందు పెట్టుకుని, నాలుగు వారాల్లోనూ నిజంగా ఖాళీగా ఉన్న పూట ఏదో వెతకండి. అది బుధవారం సాయంత్రం అయితే బుధవారం సాయంత్రం ఏ క్లాసులు ఉన్నాయో చూసి వాటిలోంచి ఎంచుకోండి. ఇష్టమైన మాధ్యమం (ఆయిల్, వాటర్‌కలర్, మట్టి లాంటిది) కోసం కష్టమైన పూట తీసుకోవడం కన్నా, కుదిరే పూటలో దొరికిన డ్రాయింగ్ క్లాసు మేలు, ఎందుకంటే డ్రాయింగ్ ఎక్కడికి వెళ్ళినా పనికొస్తుంది.

గంటల లెక్క కూడా ముందే వేసుకోండి. వారానికి మూడు గంటల చొప్పున పది వారాలంటే 30 గంటలు. అందులో ప్రతిసారీ సామాను సర్దుకోవడానికి ఇరవై నిమిషాలు, బ్రష్‌లు కడిగి అన్నీ ఎత్తిపెట్టడానికి ఇరవై నిమిషాలు తీసేస్తే మిగిలేది 23 గంటల 20 నిమిషాలు. రెండు క్లాసులు పోయాయనుకోండి (పోతాయి, ఎవరికైనా), 18 గంటల 40 నిమిషాలు. ఆర్ట్ కాలేజీలో చదివే పిల్లలకి ఈ సమయం ఒక్క వారంలో దొరుకుతుంది. కాబట్టి ఒక టర్మ్ అయ్యాక "పది వారాలు నేర్చుకున్నా ఏమీ రాలేదు" అని బాధపడకండి, మీరు నేర్చుకున్నది ఒక వారం. ఇదే లెక్కలో ఇంకో సంగతి కూడా తేలుతుంది. గంటన్నర క్లాసులో ఆ నలభై నిమిషాలు తీసేస్తే మిగిలేది యాభై నిమిషాలే, పది వారాలకి ఎనిమిది గంటల చిల్లర. ఛాయిస్ ఉంటే వారానికి గంటన్నర కన్నా పదిహేను రోజులకి మూడు గంటలు నయం, గ్యాప్ పెరిగినా సరే.

గ్యాప్‌ని తట్టుకునే మాధ్యమం

ఇది ఎవరూ చెప్పరు, నాకూ ఎవరూ చెప్పలేదు. ఒక్కో మాధ్యమం ఆ ఆరు రోజుల్లో ఒక్కో రకంగా ప్రవర్తిస్తుంది.

పెన్సిల్, చార్‌కోల్ ఎక్కడ ఆపితే అక్కడే ఉంటాయి. చార్‌కోల్‌తో ఒకటే సమస్య, తాకితే చెరిగిపోతుంది, దొంతరలో పెడితే పై కాగితం సగం బొమ్మని తీసుకెళ్ళిపోతుంది. ఫిక్సటివ్ (బొమ్మ చెరగకుండా పట్టి ఉంచే స్ప్రే) కొట్టండి, లేదా పైన పల్చని బటర్ పేపర్ వేసి నాలుగు మూలలా టేప్ అంటించండి. కొత్తగా చేరేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, మొదటి టర్మ్ డ్రాయింగ్‌లోనే చేరండి.

ఆయిల్ పెయింట్ అంటే భయపడతారు గానీ, వారానికి ఒకసారి వచ్చేవాళ్ళకి దానంత అనుకూలమైనది లేదు. అది నీళ్ళు ఆవిరై ఆరేది కాదు, నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, అందుకు రోజులు పడుతుంది. పల్చగా వేసిన పొర, ముఖ్యంగా అంబర్ లాంటి మట్టిరంగులు, మీరు తిరిగి వచ్చేసరికి చేతికి అంటుకోకుండా ఆరి, పై పొరకి సిద్ధంగా ఉంటాయి. టైటానియం వైట్, కాడ్మియం రంగులు మందంగా వేస్తే మాత్రం వారానికి కూడా తడిగానే ఉండొచ్చు. కింది పొరలో నూనె తక్కువ, పై పొరల్లో ఎక్కువ ఉండాలి అనే నియమం గుర్తుపెట్టుకోండి. తిరగేస్తే కింద ఉన్నది ఇంకా కదులుతుండగానే పైది గట్టిపడి, కొన్నాళ్ళకి పగుళ్ళు వస్తాయి.

అక్రిలిక్ నిమిషాల్లో ఆరిపోతుంది. బొమ్మకి ఇబ్బంది లేదు, ఇబ్బంది రంగుతోనే. ఈ వారం కలిపిన ఆకుపచ్చ వచ్చే వారానికి ప్లాస్టిక్ ముక్కై ఉంటుంది, మళ్ళీ అదే పచ్చ కలపడం చాలా కష్టం. దీనికి విరుగుడు ఇంకాస్త కింద చెప్తాను. వాటర్‌కలర్ ఒక్క పూటలో పూర్తయ్యేలా చిన్న సైజులో వేసుకోండి, సగంలో వదిలేసిన తడి వాష్‌ని (నీళ్ళతో పల్చగా పరిచిన రంగుని) వారం తర్వాత కొనసాగించలేరు, అంచు గీతలా ఆరిపోయి ఉంటుంది.

మట్టి పని విషయంలో నేను దెబ్బతిన్నాను. రెండు వారాలు కూర్చుని ఒక మగ్ కట్టాను, దాని మీద ప్లాస్టిక్ కవర్ వదులుగా వేసి వెళ్ళిపోయాను. మూడో వారం వచ్చి పిడి అతికిస్తే అతుక్కున్నట్టే ఉంది, గంట తర్వాత చూస్తే అతుకు చుట్టూ సన్నగా పగులు. మగ్ ఎముకలా ఎండిపోయింది, పిడి మాత్రం తడిగా ఉంది. మట్టి ఆరేకొద్దీ కుదించుకుపోతుంది కాబట్టి తడిదీ పొడిదీ కలవవు. పిడి అతికించాల్సింది రెండూ తోలులా ఉన్నప్పుడు, అంటే గోరు నొక్కితే గుర్తు పడాలి, వేలితో వంచితే వంగకూడదు. ఆ స్థితిని వారం పాటు నిలబెట్టాలంటే తడిపి పిండిన గుడ్డ కప్పి, దాని మీద రెండు ప్లాస్టిక్ కవర్లు గాలి పోకుండా బిగించి కట్టాలి, వారం మధ్యలో ఎవరైనా ఒకసారి నీళ్ళు చిలకరిస్తే ఇంకా మంచిది. స్టూడియోలో ఆ పని చేసిపెట్టేవాళ్ళు ఉన్నారో లేదో చేరే ముందే కనుక్కోండి. మట్టిలో ఇంకొకటి, మీ చేతిలో పని అయిపోయాక కూడా బట్టీలో రెండుసార్లు కాలాలి. మొదటిది సుమారు 1000 డిగ్రీల దగ్గర, గ్లేజ్ (గాజులా మెరిసే పూత) వేశాక రెండోది, స్టోన్‌వేర్ అనే గట్టి రకం మట్టి అయితే 1200 డిగ్రీల పైన. బట్టీ నిండితేగానీ వెలిగించరు. మొదటి మగ్‌లో ఏమైనా తాగాలంటే నెలన్నర పట్టొచ్చు, అంత ఓపిక ఉంటేనే అటు వెళ్ళండి.

లినోకట్ (లినోలియం పలక మీద బొమ్మ చెక్కి, రంగు పూసి కాగితం మీద అద్దడం) లాంటి ప్రింట్ పని వారాలుగా చక్కగా విడిపోతుంది: ఒక వారం గీయడం, రెండు వారాలు చెక్కడం, ఒక వారం ముద్ర తీయడం. చెక్కిన పలక ఎక్కడికీ పోదు. అక్షరాలు ఉంటే తిరగేసి చెక్కాలన్నది మరిచిపోకండి.

చేరే ముందు ఒక క్లాసు నడుస్తుండగా వెళ్ళి చూడండి

ఖాళీ స్టూడియో చూపించి డబ్బు కట్టమంటే వద్దు. క్లాసు జరుగుతున్నప్పుడు పావుగంట నిలబడి చూస్తానని అడగండి, మంచి టీచర్లు ఎవరూ కాదనరు. చూడాల్సింది టీచర్ ఎంత బాగా వేస్తారన్నది కాదు, మూడు గంటల్లో ఎవరెవరి దగ్గర ఎంతసేపు నిలబడుతున్నారన్నది. పన్నెండు మంది ఉన్న క్లాసులో అరగంట డెమో పోగా ఒక్కొక్కరికి వచ్చేది పన్నెండు నిమిషాలు. ఇరవై ఐదు మంది ఉంటే ఆరు. మీరు డబ్బు కట్టేది ఆ నిమిషాలకే, డెమో వీడియోలు ఎక్కడైనా దొరుకుతాయి.

గోడల మీద విద్యార్థుల బొమ్మలు ఉంటాయి కదా, అన్నీ ఒకే చెయ్యి వేసినట్టుంటే కొంచెం ఆలోచించండి. అది టీచర్ అందరి బొమ్మల మీదా తన కుంచె పెట్టి సరిచేసే చోటు అయ్యుండొచ్చు. ఇంటికి తెచ్చుకునే బొమ్మ బాగుంటుంది గానీ, అందులో మీరు నేర్చుకున్నది తక్కువ. తప్పు ఎక్కడుందో పక్కన చిన్న కాగితం మీద గీసి చూపించి, మీ బొమ్మని మీ చేతే దిద్దించే టీచర్ దొరికితే వదలకండి.

ఇక అడగాల్సినవి. తడి బొమ్మలు, సగం అయిన పనులు స్టూడియోలో వదిలి వెళ్ళడానికి రాక్ ఉందా? ఇది చాలా ముఖ్యం, తడి క్యాన్వాస్ పట్టుకుని బస్సు ఎక్కడం ఒక్కసారి చేస్తే తెలుస్తుంది. స్టిల్ లైఫ్ సెటప్‌ని (చూసి గీయడానికి బల్ల మీద అమర్చిన వస్తువుల్ని) వచ్చే వారం దాకా కదపకుండా ఉంచుతారా? వెలుతురు కిటికీదా, దీపానిదా? సాయంత్రం క్లాసు అయితే ఒకే దీపం ఒకే వైపు నుంచి పడేలా ఉండాలి, పైన నాలుగు ట్యూబ్‌లైట్లు వెలుగుతుంటే నీడలు కలిసిపోయి ఏమీ అర్థం కాదు. ఫీజులో మోడల్ ఖర్చు, మట్టి, బట్టీ కాల్పులు కలిసే ఉన్నాయా, విడిగానా? క్లాసు పోతే వేరే బ్యాచ్‌లో కూర్చోనిస్తారా? బ్యాచ్ రద్దయితే డబ్బు ఎన్నాళ్ళలో తిరిగిస్తారు? ఈ చివరి ప్రశ్నకి జవాబు మెసేజ్‌లోనో కాగితం మీదో తీసుకోండి. ఒకచోట నేను టర్మ్ మొత్తానికి కట్టాక మంది చాలలేదని బ్యాచ్ ఎత్తేశారు, నా డబ్బు కోసం నాలుగు నెలలు తిరిగాను, చేతిలో రాసిన ముక్క ఒక్కటీ లేదు.

టీచర్ లేని ఓపెన్ స్టూడియోలు కూడా ఉంటాయి, మోడల్ ఉంటారు, ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు. పారిస్‌లో 1904లో మొదలైన గ్రాండ్ షోమియేర్ అనే ఆర్ట్ స్కూల్ అలాంటి పద్ధతికి పేరు పడింది. న్యూయార్క్‌లోని ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్‌ని 1875లో విద్యార్థులే పెట్టుకున్నారు, అక్కడ టీచర్లు ఉంటారు గానీ గ్రేడులు, డిగ్రీల గొడవ లేదు. లండన్‌లో సిటీ లిట్ 1919 నుంచి పెద్దవాళ్ళ కోసమే నడుస్తోంది. మీ ఊళ్ళో ఏ పేరుతో ఉన్నా ఈ రెండు రకాల్లో ఏదో ఒకదానికి దగ్గరగా ఉంటుంది. మొదటి రెండు టర్మ్‌లు టీచర్ ఉన్నచోట చేరండి, ఓపెన్ స్టూడియో తర్వాత.

సామాను తక్కువ కొనండి

మొదటి క్లాసు అయ్యేదాకా ఏమీ కొనకపోవడం ఉత్తమం, టీచర్ లిస్ట్ ఇస్తారు. డ్రాయింగ్‌కి అయితే హెచ్‌బి, 2బి, 4బి, 6బి పెన్సిళ్ళు నాలుగు, పిండిలా పిసికితే మెత్తబడే నీడెడ్ ఇరేజర్ ఒకటి, ఏ3 సైజు ప్యాడ్ ఒకటి, కాగితాన్ని అంటించుకునే గట్టి బోర్డు, మాస్కింగ్ టేప్. టేప్ రెండు చుట్టలు తీసుకోండి, ఎందుకో కింద తెలుస్తుంది. వాటర్‌కలర్ కాగితం మాత్రం 300 జీఎస్ఎమ్‌కి (చదరపు మీటరుకి 300 గ్రాముల మందానికి) తగ్గొద్దు, పల్చటిది తడికి ముడతలు పడి రంగు గుంటల్లోకి చేరుతుంది.

రంగులు 48 ఉన్న పెట్టె కొనకండి. పసుపు, ఎరుపు, నీలం ఒక్కోదానిలో రెండేసి, ఒక తెలుపు, ఒక మట్టిరంగు, చాలు. ట్యూబ్ వెనక సన్న అక్షరాల్లో పిగ్మెంట్ (రంగునిచ్చే పొడి) కోడ్ ఉంటుంది: పీబీ29 అంటే అల్ట్రామెరీన్ బ్లూ, పీడబ్ల్యూ6 అంటే టైటానియం వైట్. ఒకే కోడ్ ఉన్న ట్యూబ్‌లో ఒకే పిగ్మెంట్ ఉంటుంది, కలిపినప్పుడు రంగు శుభ్రంగా వస్తుంది. మూడు కోడ్‌లు ఉన్నది ముందే మూడు కలిసిన మిశ్రమం, దానికి మీరు ఇంకో రెండు కలిపితే బురద రంగే వస్తుంది. పేరు పక్కన "హ్యూ" అని ఉంటే అసలు పిగ్మెంట్‌కి బదులు చవకైనది వాడారని అర్థం, నేర్చుకునేటప్పుడు అది తప్పేమీ కాదు, ఏం కొంటున్నామో తెలిస్తే చాలు.

మొదటి రోజు: ఎక్కడ నిలబడాలి, ఏం చూడాలి

పదిహేను నిమిషాలు ముందు వెళ్ళండి, లేకపోతే స్తంభం వెనక చోటు మిగులుతుంది. కుడిచేతి వాటం అయితే వస్తువు మీ బోర్డుకి ఎడమ పక్కన కనిపించేలా ఈజిల్ పెట్టుకోండి, ఎడమచేతి వాటం అయితే కుడి పక్కన. అప్పుడు మీ చెయ్యే మీ చూపుకి అడ్డం రాదు, తల తిప్పకుండా కళ్ళు అటూ ఇటూ తిప్పితే సరిపోతుంది. బోర్డు నిటారుగా ఉండాలి, బల్ల మీద పడుకోబెట్టి గీస్తే పై భాగం మీకు దూరమై బొమ్మ సాగిపోతుంది. వెనక్కి రెండు అడుగులు వేసే చోటు ఉంచుకోండి.

ఇప్పుడు టేప్ తీయండి. ఈజిల్ మూడు కాళ్ళ చుట్టూ నేల మీద టేప్‌తో గుర్తు పెట్టి పేరు రాయండి. మీ పాదాలు ఉన్నచోట ఒక గీత. వస్తువులున్న బల్ల కాళ్ళకి, ప్రతి వస్తువు అడుగు చుట్టూ కూడా పెట్టొచ్చేమో టీచర్‌ని అడగండి. మీ కంటి ఎత్తులోంచి ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. వచ్చే వారం ఒక జానెడు పక్కకి నిలబడినా మొత్తం బొమ్మ మారిపోతుంది, అప్పుడు గీసింది తప్పా, నిలబడింది తప్పా అన్నది తెలియదు.

నా మొదటి క్లాసులో బల్ల మీద ఒక తెల్ల కప్పు, దాని కింద బూడిదరంగు గుడ్డ, పక్క నుంచి దీపం. అరగంటలో గీసేశాను, కప్పులాగే ఉంది. టీచర్ వచ్చి తప్పొప్పులు ఏమీ అనలేదు, "ఆ కప్పు అంచు వెడల్పులో, లోతు ఎన్నో వంతు ఉందో కొలిచి చెప్పండి" అన్నారు. లోతు అంటే అంచు ముందు భాగం నుంచి వెనక భాగం దాకా కంటికి కనిపించే ఎత్తు. ఎలాగో చూపించారు: మోచెయ్యి వంగకుండా చెయ్యి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, పెన్సిల్ కొన కప్పు అంచుకి ఒక చివర పెట్టి రెండో చివర బొటనవేలితో ఆపాలి. అదే కొలత పట్టుకుని పెన్సిల్ నిలువుగా తిప్పి చూడాలి. కొలిచాను. వెడల్పు అయిదు వంతులైతే లోతు ఒక వంతు ఉంది. నా కాగితం మీద లోతు వెడల్పులో సగం ఉంది. నోరు గుండ్రంగా ఉంటుందని తెలుసు కాబట్టి నా చెయ్యి దాన్ని తెరిచేసింది. అడుగేమో స్కేలు పెట్టినట్టు తిన్నగా గీశాను, బల్ల మీద ఆనుతుంది కదా అని. నిజానికి పై నుంచి చూస్తున్నప్పుడు అడుగున ఉన్న వంపు పైన ఉన్న అంచు కన్నా ఇంకాస్త గుండ్రంగా కనిపించాలి, ఎందుకంటే అది కంటి ఎత్తుకి ఇంకా కిందన ఉంది. తర్వాత ఆవిడ కళ్ళు సగం మూసి చూడమన్నారు. అలా చూస్తే వివరాలు పోయి వెలుగునీడలే మిగులుతాయి. కప్పు నీడ వైపు, దీపం వెలుతురు పడుతున్న బూడిదరంగు గుడ్డ కన్నా ముదురుగా ఉంది. నేను దాన్ని తెల్లగా వదిలేశాను. పిడి దగ్గర మాత్రం, "పిడిని గీయకండి, పిడికీ కప్పుకీ మధ్య ఉన్న ఖాళీ ఏ ఆకారంలో ఉందో అది గీయండి" అన్నారు, ఒక్కసారికే కుదిరింది.

మీ మొదటి క్లాసులో ఈ మూడు చేస్తే చాలు: కొలవడం, కళ్ళు సగం మూయడం, ఖాళీని గీయడం. షేడింగ్ అందంగా రావడం గురించి ఆ రోజు ఆలోచించకండి. ఆ రోజు గీసింది ఎలా ఉన్నా తేదీ వేసి దాచండి.

చివరి పదిహేను నిమిషాలు మీవి కావు, వచ్చే వారం వచ్చేవాళ్ళవి

వచ్చే వారం వచ్చేది మీరే, కానీ ఏమీ గుర్తులేని మీరు. ఆ మనిషి కోసం ఒక చీటీ రాసి బోర్డు వెనక అంటించాలి. నా చీటీలో మూడు సంగతులు ఉంటాయి: టీచర్ ఇవాళ చెప్పిన తప్పు ఆవిడ మాటల్లోనే, నేను ఆపిన చోటు, వచ్చీ రాగానే చేయాల్సిన మొదటి పని. మొదటి పని చాలా చిన్నదిగా ఉండాలి. "నేపథ్యం పూర్తి చేయాలి" అని రాస్తే ఉపయోగం లేదు, "కప్పు కుడి అంచు పక్కనున్న గుడ్డని ఒక మెట్టు ముదురు చేయాలి" అని రాస్తే రాగానే చెయ్యి పని మొదలుపెడుతుంది.

రంగులైతే ఒక కాగితం పట్టీ తీసుకుని కలిపిన ప్రతి ముఖ్యమైన రంగూ ఒక గీత వేసి, పక్కన ఏవేవి ఎంత మోతాదులో కలిపారో రాయండి, అల్ట్రామెరీన్ రెండు పాళ్ళు, అంబర్ ఒక పాలు, తెలుపు కొంచెం, అలా. పైన అక్రిలిక్‌కి విరుగుడు అన్నది ఇదే. ఒక మూత గట్టిగా పట్టే డబ్బాలో తడి స్పాంజి, దాని మీద బేకింగ్ పేపర్ వేసి రంగులు పెట్టుకుంటే అక్రిలిక్ కొన్ని రోజులు మెత్తగానే ఉంటుంది, అయినా చీటీ మానకండి.

టీచర్ తప్పు చెప్తున్నప్పుడు, అది ఎందుకలా వేశారో వివరించాలని నాలుక దాకా వస్తుంది, ఆఫీసులో మీటింగులకి అలవాటు పడినవాళ్ళకి మరీ. వివరించకుండా రాసుకోండి. అర్థం కాకపోతే "ఎక్కడ చూడాలి?" అని అడగండి, ఆ ప్రశ్నకి టీచర్లు వేలు పెట్టి చూపిస్తారు.

మధ్యలో ఆరు రోజులు

ఇంట్లో ఈజిల్, గది, టైమ్ ఏమీ అక్కర్లేదు. క్లాసు అయిన రోజు రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు, ఆ రోజు స్టూడియోలో గీసినదాన్ని చూడకుండా గుర్తున్నంత గీయండి. ఫోటో చూడొద్దు. పందొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లో లెకాక్ ద బ్వాబోద్రాన్ అనే ఆయన విద్యార్థులతో ఇలా జ్ఞాపకం మీద గీయించడమే ఒక పద్ధతిగా నేర్పేవారు, శిల్పి రోదాన్ ఆయన దగ్గర చదువుకున్నవాడే. గుర్తురాని చోటు తెలిస్తే, క్లాసులో మీరు సరిగ్గా చూడని చోటు అదే. వచ్చే వారం నేరుగా అక్కడికే వెళ్తారు. ఈ ఒక్క అలవాటుతో నా అరగంట అయోమయం అయిదు నిమిషాలకి దిగింది.

మిగతా రోజుల్లో జేబులో పట్టే పుస్తకంలో రోజుకో పది నిమిషాలు, వారమంతా ఒకే వస్తువు. మీ ఎడమ చెయ్యి, మీ చెప్పుల జత, ఒక కుళాయి, ఏదైనా. రోజుకో కొత్త వస్తువు తీసుకుంటే ప్రతిరోజూ మొదటి రోజే అవుతుంది, ఒకటే పట్టుకుంటే గురువారానికి సోమవారం కనపడనిది కనపడుతుంది. ఒక రోజు కాగితం అసలు చూడకుండా, చూపు వస్తువు అంచు వెంబడి ఎంత నెమ్మదిగా వెళ్తే పెన్సిల్ అంతే నెమ్మదిగా కదిలేలా గీయండి. వచ్చిన బొమ్మ వంకరటింకరగా ఉంటుంది, అది మామూలే, ఆ పని కంటి కోసం. ఒక రోజు పోతే మర్నాడు రెండింతలు చేయాలని పెట్టుకోకండి, అప్పు పెరిగి మొత్తానికే ఆగిపోతుంది.

లైఫ్ డ్రాయింగ్ ఉన్న క్లాసు అయితే

లైఫ్ డ్రాయింగ్ అంటే ఎదురుగా ఉన్న మోడల్‌ని చూసి మనిషి శరీరాన్ని గీయడం. మొదటిసారి బట్టల్లేని మోడల్ ముందు కూర్చోవాలంటే అందరికీ ఇబ్బందిగానే ఉంటుంది, పెన్సిల్ కదిలాక రెండు నిమిషాల్లో అది పోతుంది, ఎందుకంటే మొదటి భంగిమలు ఒక్కో నిమిషమే ఉంటాయి, కంగారుపడే టైమ్ కూడా ఉండదు. ఆ నిమిషంలో ముఖం, వేళ్ళు జోలికి పోకుండా బరువు ఏ కాలి మీద ఉంది, వెన్ను ఎటు వంగింది, భుజాల గీత నడుము గీత ఎటెటు వాలాయి, అంతే పట్టుకోండి. ఫోన్ బ్యాగ్‌లో ఉండాలి, ఫోటో ఎట్టి పరిస్థితుల్లోనూ తీయకూడదు, మోడల్‌ని తాకకూడదు, వాళ్ళ శరీరం గురించి ఒక్క మాట కూడా అనకూడదు, మెచ్చుకోలుగా అయినా సరే. భంగిమ మార్చాల్సిన అవసరం ఉంటే టీచర్‌కి చెప్పండి. కదలకుండా ఇరవై నిమిషాలు నిలబడటం ఎంత కష్టమో ఇంట్లో అయిదు నిమిషాలు ప్రయత్నిస్తే తెలుస్తుంది.

కొన్ని జాగ్రత్తలు

ఆయిల్ పెయింట్‌లో వాడే లిన్సీడ్ (అవిసె) నూనె అంటిన గుడ్డల్ని ఉండ చుట్టి బ్యాగ్‌లోనో చెత్తబుట్టలోనో పడేయకండి. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ తనంతట తానే అంటుకోగలదు. విప్పి బయట పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ళున్న మూత గల ఇనప డబ్బాలో వేయండి. ఆయిల్ రంగుని పల్చన చేసే టర్పెంటైన్ వాడే చోట కిటికీలు తెరిచి ఉండాలి, తలనొప్పి వస్తే టీచర్‌కి వెంటనే చెప్పండి, ఓర్చుకోవద్దు. మట్టి బల్లని పొడిగా ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవండి, ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఫిక్సటివ్ ఆరుబయట కొట్టండి. రంగులున్న చేత్తో ఏమీ తినకండి.

నాలుగో వారం దగ్గర

నాలుగో వారమో అయిదో వారమో బొమ్మ మొదటి వారం కన్నా అధ్వాన్నంగా కనిపిస్తుంది. కన్ను ముందు నేర్చుకుంటుంది, చెయ్యి వెనక వస్తుంది, ఇదివరకు కనపడని తప్పులు ఇప్పుడు కనపడుతున్నాయి కాబట్టి అలా అనిపిస్తుంది. సరిగ్గా ఆ వారమే ఆఫీసులో పని పడుతుంది, ఒంట్లో బాగోదు, వెళ్ళబుద్ధి కాదు. ఆ వారం వెళ్ళండి. మూడు గంటలు ఉండలేకపోతే గంట ఉండి రండి. నిజంగానే ఒక క్లాసు పోతే, వెనకబడ్డానని రెండు వారాల పని ఒక్క రోజులో లాగకండి, బోర్డు వెనక చీటీ చదివి అక్కడి నుంచే మొదలుపెట్టండి. కొత్త బొమ్మ మొదలుపెడదామనే కోరిక కూడా అప్పుడే వస్తుంది, ఉన్నది పూర్తయ్యేదాకా ఆగండి, ఎందుకంటే చివరి మూడోవంతులో నేర్చుకునేవి మొదటి మూడోవంతులో దొరకవు.

టర్మ్ అయ్యాక వెంటనే పై లెవెల్‌కి వెళ్ళాలని లేదు. నేను బిగినర్స్ డ్రాయింగ్ రెండుసార్లు చేశాను, రెండోసారి ఆ టీచర్ చెప్పిన మాటల్లో సగం మొదటిసారి నేను వినలేదని తెలిసింది. అదే పూట వచ్చే టర్మ్‌కి కూడా మీ పేరు రాయించుకోండి, ఖాళీగా వదిలితే ఆ పూటలోకి ఇంకేదో వచ్చి కూర్చుంటుంది. చివరి క్లాసులో నేల మీద టేప్ పీకే ముందు, సెలవుల్లో ఏ ఒక్కటి సాధన చేయాలో టీచర్‌ని అడిగి పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. తర్వాత మొదటి రోజు దాచిన బొమ్మ తీసి, అదే కప్పుని అదే దీపం కింద పెట్టించుకుని అరగంటలో ఇంకోసారి గీయండి, ముందు అంచు వెడల్పు కొలవండి.